టాకోమీటరు ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంటే తప్పు ఎక్కడుంది?

నేమ్‌ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అని ఉన్న రైస్‌మిల్లు మోటారుకు, షాఫ్టుకు ఆనించి వేగం చూసే చేతి టాకోమీటరు పెడితే మొదట 1455, తరువాత 1390, మూడోసారి 1210 వచ్చాయనీ, పాడైంది మీటరా, మోటారా అనీ మీరు అడిగారు. రెండూ బాగానే ఉండి ఉంటాయని నా అభిప్రాయం. మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లుల్లో ఇరవై ఏళ్లకు పైగా మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. ఈ తికమక నాకూ ఎదురైంది, దానికి ఒకసారి మూల్యం కూడా చెల్లించాను.

ఈ పరికరం నిజానికి మోటారు వేగాన్ని కొలవదు. తన రబ్బరు మొన ఎంత వేగంగా తిరుగుతోందో అది మాత్రమే దానికి తెలుసు. మొనా షాఫ్టూ అతుక్కున్నట్టు కలిసి తిరిగినప్పుడే ఆ అంకె మోటారుది అవుతుంది. కొంచెం జారినా అంకె పడిపోతుంది. జారడం వల్ల అంకె తగ్గుతుందే తప్ప పెరగడం ఉండదు కాబట్టి, మీకు వచ్చిన మూడింటిలో నేను నమ్మేది 1455నే. మూడు నాలుగు సార్లు పెట్టి చూసినప్పుడు సగటు తీయకూడదు. అన్నింటికన్నా ఎక్కువగా వచ్చి, రెండు మూడు సెకన్లపాటు కదలకుండా నిలిచిన అంకెను తీసుకోవాలి. మామూలు డిజిటల్ టాకోమీటర్ల ఖచ్చితత్వం సాధారణంగా 0.05 శాతం, దానిపై ఒక అంకె అని ఉంటుంది. అంటే 1440 దగ్గర మీటరు చేయగల తప్పు రెండు ఆర్‌పీఎం లోపే. యాభై, వంద తేడా వస్తోందంటే అది చేతిలో వస్తున్న తేడా.

ఇక మూడోసారి వచ్చిన 1210 సంగతి. మీరు మొనను షాఫ్టు నుంచి వెనక్కి తీసిన తరువాత బటను వదిలి ఉంటారని అనుకుంటున్నాను. చాలా మీటర్లలో బటను నొక్కి ఉన్నంతసేపు కొలత సాగుతూనే ఉంటుంది, వదిలిన క్షణాన ఉన్న అంకె చివరి రీడింగుగా జ్ఞాపకంలో నిలుస్తుంది. మొన షాఫ్టును విడిచాక నెమ్మదిస్తూ ఉంటుంది కాబట్టి, అప్పుడు బటను వదిలితే ఆ నెమ్మదించే అంకెల్లో ఏదో ఒకటి అక్కడ మిగిలిపోతుంది. మొన షాఫ్టు మీద ఉండగానే ముందు బటను వదలండి, ఆ తరువాతే చేయి వెనక్కి తీయండి. జ్ఞాపకంలో గరిష్ఠ, కనిష్ఠ రీడింగులు కూడా ఉంటాయి కానీ, పైన చెప్పిన కారణం వల్ల కనిష్ఠాన్ని నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

మొనను పెట్టే తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. లేతు మీద తయారైన షాఫ్టు చివర నడిమధ్యన సెంటరు గుంట ఉంటుంది. కోను ఆకారపు రబ్బరు మొన దానిలో కూర్చోవడానికే. షాఫ్టు చివర గుంట లేకుండా సన్నగా, మొనదేలి ఉంటే గరాటు ఆకారపు మొన వాడాలి. మోటారుకు వెనక వైపు ఫ్యాన్ కవరు ఉంటుంది కాబట్టి ముందు వైపున, పుల్లీ మధ్యలో కనిపించే షాఫ్టు చివరనే కొలవవలసి వస్తుంది. ఆ గుంటలో గ్రీజు, తవుడు దుమ్ము గట్టిపడి ఉంటాయి. మోటారు ఆపి, ఎవరూ వేయకుండా స్విచ్చు దగ్గర ఫ్యూజులు తీసి, గుంటను పొడి గుడ్డతో శుభ్రం చేయండి. మీటరు షాఫ్టుతో ఒకే గీతలో ఉండాలి. పైనుంచి చూసినా, పక్కనుంచి చూసినా వంకర కనిపించకూడదు. వంకరగా పెడితే మొన ఒక అంచు మీదే రాసుకుంటూ తిరుగుతుంది, అంకె ఎగిరెగిరి పడుతుంది. మీకు వచ్చిన 1390కి కారణం ఇదో, లేక చాలీచాలని ఒత్తిడో అయి ఉండాలి. ఎంత గట్టిగా నొక్కాలని కొత్తవాళ్లు అడుగుతుంటారు. అంకె పెరగడం ఆగేంతవరకు నొక్కితే చాలు, అంతకు మించి అక్కరలేదు. అర హెచ్‌పీ లోపు చిన్న మోటార్లను మరీ గట్టిగా నొక్కితే వాటి వేగమే కొంత పడిపోతుంది. మిల్లు మోటార్లకు ఆ భయం లేదు గానీ మొన త్వరగా అరిగిపోతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఒంటి మీద బట్టల సంగతి. మెడలో తువ్వాలు, వదులు చొక్కా చేతులు, లుంగీ, చేతికి కడియం, గడియారం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తిరిగే పుల్లీ దగ్గరకు వెళ్లకూడదు. షాఫ్టు చివర కీ (పుల్లీ షాఫ్టు మీద జారకుండా పెట్టే ఇనుప ముక్క) బయటికి పొడుచుకొచ్చి ఉంటే, తిరుగుతున్నప్పుడు అది కంటికి కనిపించదు. అలాంటి చోట చేతితో కొలవవద్దు. బెల్టు గార్డు విప్పితే తప్ప మొన అందకపోతే, గార్డు విప్పి కొలవడం కాదు, గార్డుకు షాఫ్టు ఎదురుగా మొన పట్టేంత రంధ్రం చేయించుకోవడం సరైన పద్ధతి.

నేను చెల్లించిన మూల్యం ఇదీ. పనిలో చేరిన కొత్తలో ఒక మిల్లులో 20 హెచ్‌పీ మోటారు వేడెక్కుతోందంటే వెళ్లి, టాకోమీటరు పెట్టి 1372 అని పుస్తకంలో రాశాను. నేమ్‌ప్లేటు మీద 1460 ఉంది. అంత తక్కువగా తిరుగుతోందంటే రోటరు (మోటారు లోపల తిరిగే భాగం) బార్లు తెగి ఉంటాయని మా మేస్త్రీ గారు అనుమానించి, మోటారును దింపించి ట్రాక్టరు మీద వైండింగు షాపుకు పంపారు. వాళ్లు విప్పి, పరీక్షించి, రోటరులో ఏ లోపమూ లేదని తిరిగి బిగించి ఇచ్చారు. రెండు రోజులు మిల్లు ఆగింది. మూడో రోజు మేస్త్రీ గారు నా చేతిలోని మీటరు తీసుకుని, రబ్బరు మొన మీద వేలితో ఒకసారి రుద్ది ఆ వేలు నాకు చూపించారు. నల్లటి గ్రీజు అంటుకుని ఉంది, కింద రబ్బరు గాజులా నున్నబడి ఉంది. కొత్త మొన వేసి, అదే మోటారుకు, అదే లోడు మీద పెడితే 1466 వచ్చింది. వేడికి అసలు కారణం ఫ్యాన్ కవరు జాలీలో పేరుకున్న తవుడు. ఆయన తిట్టలేదు, అందుకే ఇంకా బాగా గుర్తుంది.

ఇప్పుడు మీ 1455 ఎందుకు 1440 కాలేదో చూద్దాం. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద, మీ మోటారు లాంటి నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారులో అయస్కాంత క్షేత్రం 1500 ఆర్‌పీఎంతో తిరుగుతుంది. రోటరు దానికన్నా కొంచెం వెనకబడి తిరిగితేనే బలం పుడుతుంది. ఆ వెనకబాటును స్లిప్ అంటారు. నేమ్‌ప్లేటు మీది 1440 పూర్తి లోడు నాటి వేగం, అంటే పూర్తి లోడుకు స్లిప్ 60. మీకు వచ్చినది 45 కాబట్టి, వోల్టేజి సరిగా ఉందనుకుంటే మీ మోటారు దాదాపు ముప్పావు లోడు మీద ఉంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, ఎందుకంటే నేమ్‌ప్లేటు అంకెను కంపెనీలు కొంత సర్దుబాటు చేసి వేస్తాయి. లోడు సరిగ్గా తెలియాలంటే క్లాంప్ మీటరుతో ఆంపియర్లు కూడా చూడాలి. వోల్టేజి పడిపోతే స్లిప్ దాని వర్గానికి విలోమంగా పెరుగుతుంది: 415 ఉండవలసిన చోట 370 వోల్టులే వస్తే, పూర్తి లోడు మీద 60 కాస్తా 75 అవుతుంది, అదే మోటారు 1425 చూపిస్తుంది. కాబట్టి రీడింగు రాసుకునేటప్పుడు పక్కనే వోల్టేజి రాయకపోతే ఆ అంకెకు సగం అర్థమే ఉంటుంది.

గ్రిడ్డు కరెంటు మీద నడిచే నాలుగు పోళ్ల మోటారు తనంతట తాను 1500 దాటి తిరగదు. గ్రిడ్డు ఫ్రీక్వెన్సీని 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలన్నది నియమం, కనుక రెండు మూడు ఆర్‌పీఎం అటూ ఇటూ కావచ్చు. జనరేటరు మీద నడుస్తుంటే మాత్రం లోడు తక్కువగా ఉన్నప్పుడు ఇంకా పైకి పోవచ్చు. మీటరు మీద అనుమానం తీరడానికి ఇదే మంచి దారి: బెల్టులు తీసేసి మోటారును ఖాళీగా తిప్పి కొలవండి. 1490కి, 1500కి మధ్య నిలకడగా వస్తే మీటరూ బాగుంది, మీ చేయీ కుదిరింది. 149 చుట్టుపక్కల చూపిస్తే కంగారు పడవద్దు, మీటరు మీది మీటను మీటర్లు/నిమిషం వైపు ఉంచారని అర్థం. అంచు వేగం కొలవడానికి మొనకు బదులు తగిలించే, చుట్టుకొలత పది సెంటీమీటర్లుండే చక్రానికి లెక్క కట్టిన మీటర్లలో అలా సరిగ్గా పదో వంతు కనిపిస్తుంది.

మోటారు వేగం తెలుసుకోవడంతో పని సగమే అయినట్టు. మిల్లులో నష్టం ఎక్కువగా బెల్టుల దగ్గర జరుగుతుంది. మోటారు పుల్లీ 5 అంగుళాలు, మెషీను పుల్లీ 8 అంగుళాలు అయితే, 1455 మీద మెషీను షాఫ్టు 909 తిరగాలి. అక్కడ 890 వస్తే వీ-బెల్టుకు అది మామూలే. 840 వస్తే బెల్టులు ఏడెనిమిది శాతం జారుతున్నాయి, పుల్లీ ముట్టుకుంటే కాలుతుంది కూడా. రెండు షాఫ్టులనూ ఒకే లోడు మీద, వెంటవెంటనే కొలిస్తేనే ఈ పోలిక చెల్లుతుంది.

రబ్బరు రోల్ షెల్లర్ ఉంటే ఇంకొక మాట. వేగంగా తిరిగే రోలు అంచు వేగం సెకనుకు దాదాపు 14 మీటర్లు ఉండాలి, రెండోది దానికన్నా పాతిక శాతం తక్కువగా తిరగాలి. ఆ తేడాయే వడ్ల పొట్టును ఒలుస్తుంది. 254 మిల్లీమీటర్ల కొత్త రోలుకు దాదాపు 1050 ఆర్‌పీఎం దగ్గర ఆ వేగం వస్తుంది. అదే రోలు 210కి అరిగాక ఆర్‌పీఎం మారకపోయినా అంచు వేగం 11.6కి పడిపోతుంది. వేగపు రోలు ముందుగా అరుగుతుంది కాబట్టి రెంటి మధ్య తేడా కూడా తగ్గిపోతుంది. రోళ్లను అటూ ఇటూ మార్చి బిగించడం అందుకే. అయితే ఈ వేగం కోసం మీటరుకు చక్రం తగిలించి తిరిగే రోళ్ల మీద పెట్టే సాహసం చేయవద్దు. షాఫ్టు చివర కోను మొనతో ఆర్‌పీఎం తీసుకుని, మెషీను ఆపాక రోలు వ్యాసాన్ని కొలిచి, రెంటినీ ఒకదానితో ఒకటి గుణించి, వచ్చినదాన్ని 3.14తో గుణించండి, వ్యాసం మీటర్లలో ఉంటే నిమిషానికి ఎన్ని మీటర్లో వస్తుంది, దాన్ని 60తో భాగిస్తే సెకనుకు ఎంతో తెలుస్తుంది. చక్రం నిజంగా పనికొచ్చేది షాఫ్టు చివర అందని కప్లింగుల (రెండు షాఫ్టులను కలిపే బిగింపుల) దగ్గర: 100 మిల్లీమీటర్ల కప్లింగు అంచు మీద 452 మీటర్లు/నిమిషం వస్తే, దాన్ని 0.314తో భాగించి 1440 ఆర్‌పీఎం అని తెలుసుకోవచ్చు.

రబ్బరు మొనను కిరోసిన్‌తోనో పెట్రోలుతోనో తుడవకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. పొడి గుడ్డ చాలు. మోటారును ఖాళీగా తిప్పినప్పుడు వచ్చిన రీడింగు, లోడు మీది రీడింగు, ఆ రెండు సమయాల్లోని వోల్టేజి, రెండు పుల్లీల వ్యాసాలు ఇక్కడ రాస్తే, బెల్టులు ఎంత జారుతున్నాయో లెక్క కట్టి చెబుతాను.