‘ఓ’ గ్రూపు రక్తానికీ అల్సర్‌కూ సంబంధం ఉందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా నాన్నగారికి 58 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకు ఏడాదిగా తనే డైక్లోఫెనాక్ మాత్రలు కొనుక్కుని వేసుకుంటున్నారు. పోయిన నెల రక్తపు వాంతి కావడంతో ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదట్లో పుండు ఉందన్నారు. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఆయనదీ నాదీ ఓ పాజిటివ్. ఈ గ్రూపు వారికి అల్సర్ ముదురుతుందని బంధువులు అంటున్నారు. నిజమేనా? నేనూ ఎండోస్కోపీ చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ బంధువుల మాటలో కొంత నిజం ఉంది. ఓ గ్రూపు వారికి పెప్టిక్ అల్సర్ (జీర్ణాశయంలో గానీ, చిన్నపేగు మొదట్లో గానీ పడే పుండు) వచ్చే అవకాశం ఇతరులకంటే సుమారు 35 శాతం ఎక్కువని ఇయాన్ ఎయిర్డ్ అనే సర్జన్, ఆయన సహచరులు 1954లోనే బ్రిటన్‌లో లెక్కగట్టారు. కారణం మాత్రం అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. అల్సర్లకు ప్రధాన కారణమైన హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా 1982లో బయటపడ్డాక, అది జీర్ణాశయపు పొరలో రక్తపు గ్రూపుకు సంబంధించిన ఒక చక్కెర అణువును పట్టుకుని అతుక్కుంటుందని, ఆ అణువు ఓ గ్రూపు వారిలో దానికి సులువుగా దొరుకుతుందని 1993లో తేలింది. అయితే ఈ బాక్టీరియాలో చాలా రకాలు ఎ గ్రూపు వారి అణువునూ పట్టుకోగలవని 2004లో వెల్లడైంది కాబట్టి, ఈ వివరణ ఒక్కటే సరిపోదు.

మీ నాన్నగారి విషయంలో గమనించవలసింది రక్తస్రావం. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ ఓ గ్రూపు వారిలో ఇతరులకంటే సగటున 25 శాతం దాకా తక్కువగా ఉంటుంది. మామూలు జీవితంలో దీనివల్ల ఇబ్బంది ఉండదు. పుండు ఒక రక్తనాళాన్ని తినేసినప్పుడు మాత్రం ఆ కాస్త తేడా బయటపడవచ్చు. పుండు పేగుకు చిల్లు పెట్టడాన్ని ఈ ప్రోటీన్‌తో వివరించలేము.

ఇంత చెప్పినా, నా దృష్టిలో అసలు దోషి ఆ నొప్పి మాత్రలే. అవి జీర్ణాశయపు రక్షణ పొరను బలహీనపరచడమే కాక, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాల పనిని కూడా మందగింపజేస్తాయి. వాటిని ఆపి, మోకాళ్లకు వేరే మార్గం ఎముకల వైద్యుణ్ణి అడగండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నట్లయితే, దాన్ని మాత్రం వైద్యుణ్ణి అడగకుండా మానవద్దు.

మీకు ఎలాంటి బాధా లేకుంటే గ్రూపును చూసి ఎండోస్కోపీ చేయించుకోనక్కరలేదు. మలం తారులా నల్లగా జిగటగా వచ్చినా (ఐరన్ మాత్రలవల్ల కూడా నల్లబడుతుంది, కంగారు పడకండి), పైకడుపు నొప్పితో బరువు తగ్గినా వైద్యుణ్ణి కలవండి. నాన్నగారికి ఆసుపత్రిలో హెలికోబాక్టర్ పరీక్ష చేసి లేదని చెప్పి ఉంటే దాన్ని మళ్లీ చేయించండి, ఎందుకంటే రక్తస్రావం జరుగుతున్నప్పుడు చేసే బయాప్సీ (చిన్న ముక్క తీసి చూసే) పరీక్షకు బాక్టీరియా ఉన్నా దొరకకపోవచ్చు. మళ్లీ చేయించే పరీక్షకు రెండు వారాల ముందు పాంటోప్రజోల్ వంటి, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు ఆపాలి. పుండు ఇంకా మానుతూ ఉంటుంది కనుక, ఎప్పుడు ఆపాలో ఎండోస్కోపీ చేసిన వైద్యుడే చెప్పాలి.