హేమకుండ్ దారిలో మంచు ఎప్పటిదాకా?

ప్రశ్న: వచ్చే ఏడాది బద్రీనాథ్ వెళ్లినప్పుడు హేమకుండ్ సరస్సు కూడా చూసి రావాలని ఇంట్లో అనుకుంటున్నాము. జూన్ మొదట్లో వెళ్లొచ్చిన పక్కింటివారు మంచుగోడల మధ్య నడిచామని చెబుతున్నారు. ఆగస్టులో వెళ్లిన మా పెదనాన్నగారి అబ్బాయేమో మంచు జాడే లేదని, వానలో తడిసి ముద్దయ్యానని అంటున్నాడు. ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఒకే చోటివంటే నమ్మబుద్ధి కావడం లేదు. అరవై రెండేళ్ల మా అమ్మగారిని కూడా తీసుకువెళ్లాలంటే ఏ నెల మేలు?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు. జోషిమఠ్ నుంచి బద్రీనాథ్ వెళ్లే రోడ్డు మీద, బద్రీనాథ్‌కు ఇంకా సుమారు 25 కిలోమీటర్లు ఉందనగా గోవింద్‌ఘాట్ వస్తుంది. అక్కడి నుంచి పుల్నా వరకు 4 కిలోమీటర్లు జీపులో వెళ్లి, ఆపైన లక్ష్మణగంగ వెంబడి సుమారు 10 కిలోమీటర్లు నడిస్తే ఘాంఘ్రియా చేరతారు. ఇది సుమారు 3,050 మీటర్ల ఎత్తులో ఉంది. మరునాడు అక్కడి నుంచి సరస్సుకు 6 కిలోమీటర్ల దారి. ఆ ఆరు కిలోమీటర్లలోనే వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. నెలనెలా రూపు మార్చుకునేది ముఖ్యంగా ఈ పై దారే.

సరస్సు ఒడ్డున ఉన్న సిక్కుల గురుద్వారాకు యాత్ర సాధారణంగా మే చివర్లో మొదలై అక్టోబరు రెండో వారం నాటికి ముగుస్తుంది. 2024, 2025 సంవత్సరాలు రెండింటిలోనూ మే 25న తెరిచి, అక్టోబరు 10న మూశారు. తెరవడానికి ముందు సైనికులు, గురుద్వారా సేవకులు కలిసి మంచును తవ్వి దారి తీస్తారు. మీ పక్కింటివారు చూసిన గోడలు అలా తవ్వగా మిగిలినవే. ఆ రోజుల్లో సరస్సు కూడా చాలావరకు గడ్డకట్టే ఉంటుంది కనుక, ఎంతో కష్టపడి ఎక్కి చూస్తే కనిపించేది నీలిరంగు నీళ్లు కాక తెల్లని మైదానం. అది చూడదగినది కాదని అనను గాని, మంచు మీద ఎప్పుడూ నడవని మన ప్రాంతంవారికి మొదటి పాఠంగా ఆ దారి కఠినమైనది. 2023లో మంచు మరీ ఎక్కువగా ఉండటంతో తొలి రోజుల్లో వృద్ధులను, పిల్లలను కొంతకాలం అనుమతించనేలేదు.

జూలై వచ్చేసరికి దారి మీది మంచు కరిగిపోయి, పక్క లోయల్లోను, నీడ పట్టున ఉండే మలుపుల్లోను మాత్రమే మిగులుతుంది. అయితే అప్పటికి వానలు పట్టుకుంటాయి. కంచరగాడిదలు తొక్కిన బురద, వాటి పేడ, వాన నీరు కలిసి పరుపురాళ్లను నూనె రాసినట్టు చేస్తాయి. అంతకంటే పెద్ద చిక్కు కింద రోడ్డు మీద ఉంది. జోషిమఠ్‌కు ముందున్న పాగల్ నాలా, గోవింద్‌ఘాట్ దాటాక వచ్చే లాంబగఢ్ కొండచరియలకు పేరుపడ్డ చోట్లు. అక్కడ రోడ్డు మూసుకుపోతే గంటలు పట్టవచ్చు, రోజులూ పట్టవచ్చు. ఆ నెలల్లో వెళ్లేవారు తిరుగు రైలు టికెట్టుకు ముందు కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. ఇన్ని ఇబ్బందులున్నా ఆగస్టును కోరి ఎంచుకునేవారు ఉన్నారు. ఘాంఘ్రియా నుంచే వెళ్లే పూలలోయ నిండుగా ఉండేది, సరస్సు చుట్టూ రాళ్ల సందుల్లో బ్రహ్మకమలాలు విచ్చుకునేది అప్పుడే.

మీ అమ్మగారితో వెళ్లడానికి నేను సెప్టెంబరు రెండో పక్షాన్నే సూచిస్తాను. వానలు తగ్గుతాయి, దారి ఆరుతుంది, నీళ్లలో చుట్టూ ఉన్న శిఖరాల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. దసరా సెలవుల దాకా ఆగుదామనుకునేవారు ఆ ఏటి ముగింపు తేదీ ముందుగా చూసుకోవడం మంచిది. పండుగ ఆలస్యంగా వచ్చే సంవత్సరాల్లో సెలవులు మొదలయ్యేసరికి గురుద్వారా మూసి ఉండవచ్చు. అమ్మగారికి కంచరగాడిదనో డోలీనో మాట్లాడుకోవచ్చు. అయితే అవి కాళ్లకు శ్రమ తగ్గిస్తాయే గాని, పైన పలచబడిన గాలి నుంచి కాపాడవు. కాబట్టి ఘాంఘ్రియాలో ఒక రాత్రికి బదులు రెండు రాత్రులు ఉండి, మధ్య రోజు విశ్రాంతి తీసుకోండి. బీపీ, ఉబ్బసం వంటివి ఉంటే బయలుదేరేముందే వైద్యుని సంప్రదించండి. సరస్సు దగ్గర రాత్రి బస లేదు. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతానికి అందరూ దిగడం మొదలుపెట్టవలసిందే. తలనొప్పి, వికారం మొదలైతే సరస్సు ఎంత దగ్గరలో ఉన్నా అక్కడి నుంచే దిగిపోవాలి, కూర్చుంటే తగ్గుతుందిలే అని ఎదురుచూడకూడదు.

ప్రశ్న: ఈ జూన్ రెండో వారంలో మేము హేమకుండ్ బయలుదేరాము. మధ్యాహ్నం కావస్తుండగా ఘాంఘ్రియా నుంచి సరస్సుకు వెళ్లే దారిలోని అట్లాకోటి హిమానీనదం దగ్గర మమ్మల్ని ఆపి వెనక్కి పంపేశారు. మంచు మీద ముందువారి అడుగుజాడలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పొద్దున వెళ్లినవారు మా కళ్లముందే దిగి వస్తున్నారు. వారికి లేని ప్రమాదం మాకే ఉందా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ కోపం అర్థమవుతున్నది గాని, ఆపినవారిదే సరైన నిర్ణయం. ఉదయం ఆరింటికి మంచు రాయిలా బిగిసి ఉంటుంది. కాలు జారుతుందేమో గాని దిగబడదు. ఎండ ఎక్కేకొద్దీ పైపొర మెత్తబడుతుంది. అదే సమయంలో అడుగున పారే వాగు మంచును లోపలి నుంచి కోసుకుంటూ పోతుంది. పైన చూస్తే చదునైన తెల్లని నేల, కింద చూస్తే గుహ. అడుగుజాడలు పొద్దున ఆ మంచు ఎంత బరువు మోసిందో చెబుతాయి, మధ్యాహ్నం ఎంత మోస్తుందో చెప్పవు.

కర్ర మొనతో తట్టి చూస్తే కొంత తెలుస్తుంది. గట్టి మంచు టక్కుమంటుంది, లోపల ఖాళీ ఉంటే పగిలిన కుండను తట్టినట్టు డొల్లగా పలుకుతుంది. మంచు మధ్యలో కాస్త కుంగి, బూడిదరంగు తిరిగిన చోటును నమ్మకూడదు. బండ పక్కనే ఉన్న మంచునూ నమ్మకూడదు, ఎందుకంటే ఎండకు వేడెక్కిన బండ తన చుట్టూ ఉన్న మంచునే ముందుగా కరిగిస్తుంది. ఇది కాక పై వాలు నుంచి మంచు జారిపడే ప్రమాదం కూడా ఉంది. 2023 జూన్ మొదట్లో ఈ అట్లాకోటి దగ్గరే అలా మంచు కిందపడి ఒక యాత్రికురాలు మరణించారు. మీరు చూసిన దిగివచ్చేవారు ఆ మంచును ఎలాగూ దాటి రావలసినవారు. పైనే ఉండిపొమ్మనడానికి అక్కడ బస లేదు. మీరు ఇంకా ఎక్కనివారు. ఇంకోసారి వెళ్లినప్పుడు ఘాంఘ్రియా నుంచి ఐదు గంటలకే బయలుదేరండి.

ప్రశ్న: అక్టోబరు మొదటి వారంలో ఒక్కడినే హేమకుండ్ వెళ్తున్నాను. అప్పటికి మంచు ఉండదంటున్నారు కనుక, రోజూ పరుగుకు వాడే బూట్లు చాలవా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: చాలవు. అప్పటికి పాత మంచు ఉండకపోవచ్చు గాని, రాత్రిపూట ఊట నీరు రాతిమెట్ల మీద గడ్డకట్టి, గాజురేకులా అంటుకుని ఉంటుంది. అది తెల్లగా ఉండదు కనుక తడి అనుకుని కాలు వేస్తారు. అడుగున లోతైన గాడులున్న, చీలమండను పట్టి ఉంచే బూట్లు కొని, ప్రయాణానికి మూడు వారాల ముందు నుంచే తొడుక్కుని తిరగండి. గోవింద్‌ఘాట్‌లో ఇనుప మొన ఉన్న కర్రలు అమ్ముతారు, ఒకటి తీసుకోండి. కొత్త మంచు కూడా ఆ వారంలో పడవచ్చు. పడితే ఆ రోజుకు ఘాంఘ్రియాలోనే ఆగిపోండి.

ఇంకొక చిన్న మాట. ఎక్కేటప్పుడు పట్టిన చెమటతో లోపలి బనీను తడిసిపోతుంది, నడుస్తున్నంతసేపూ ఆ సంగతి తెలియదు. పైన గురుద్వారా లంగరులో (అందరికీ ఉచితంగా పెట్టే వంటశాలలో) వేడి టీ, కిచిడీ పెడతారు. వాటి కోసం కూర్చున్న కాసేపట్లోనే వీపున చలి పట్టుకుంటుంది. పొడి బనీను ఒకటి ప్లాస్టిక్ కవరులో చుట్టి, సంచి అడుగున కాకుండా పైనే అందేలా పెట్టుకోండి.