క్వెంచ్ తప్పదనే లెక్కతో మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

కణాలకు వేగం పెంచే కొత్త యాక్సిలరేటర్‌కు, వాటి దారిని వంచే డైపోల్ అయస్కాంతాలు రూపొందించే బృందంలో చేరావని, ఎన్ని టెస్లాల అయస్కాంత క్షేత్రం సాధించాలన్న చర్చ సాగుతోందని రాశావు. నా మాట వింటే ఆ చర్చను కొంచెం వెనక్కి జరిపి, అయస్కాంతంలోని తీగచుట్ట (కాయిల్) ఉన్నట్టుండి అతివాహకత (నిరోధం లేకుండా కరెంటును పంపే గుణం) కోల్పోతే, అంటే క్వెంచ్ అయితే, అందులోని శక్తిని ఎటు పంపాలన్నది ముందు తేల్చుకోండి.

సెర్న్ వారి భారీ యాక్సిలరేటర్ ఎల్‌హెచ్‌సీలోని 1232 డైపోళ్లలో ప్రతి ఒక్కటీ 1.9 కెల్విన్ (సుమారు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్) వద్ద సుమారు 11,850 ఆంపియర్ల కరెంటుతో 8.33 టెస్లాలు ఇచ్చేలా రూపొందింది. ఆ స్థితిలో ఒక్కోదానిలో దాదాపు 7 మెగాజౌళ్ల శక్తి నిల్వ ఉంటుంది. అంతటి చలిలో లోహం ఏ కాస్త వేడినీ తనలో ఇముడ్చుకోలేదు కనుక, విద్యుదయస్కాంత బలాల ఒత్తిడికి తీగ వెంట్రుకవాసి కదిలినా ఆ చోటు మామూలు వాహకమైపోతుంది, శక్తి అంతా అక్కడే దిగితే కేబుల్ కరిగిపోతుంది. అందుకే వోల్టేజి తేడాను మిల్లీసెకన్లలో పసిగట్టి, హీటర్లతో కాయిల్‌లో వీలైనంత భాగాన్ని మనమే వేడెక్కించి ఆ శక్తిని పరచాలి. ఈ ఏర్పాటుకు చోటివ్వని డిజైన్ కాగితం మీద ఎంత అందంగా ఉన్నా నేనైతే ఒప్పుకోను.

కాయిల్‌తో పాటు అతుకులనూ అంతే శ్రద్ధగా చూడు. 2008 సెప్టెంబరు 19న ఎల్‌హెచ్‌సీలో రెండు అయస్కాంతాల నడుమ సరిగా అతకని ఒక సంధి తెగి, విద్యుత్ మెరుపు (ఆర్క్) పుట్టి, చల్లబరిచే హీలియం టన్నుల కొద్దీ సొరంగంలోకి వెలువడింది; 53 అయస్కాంతాలను పైకి తీయాల్సి వచ్చింది. అయినా సోల్డరింగును చిల్లరపనిగా చూసే ఇంజినీర్లు ఇంకా ఉన్నారంటే ఆశ్చర్యమే.

అతివాహక తీగగా నియోబియం-టైటానియంతో సరిపోయే క్షేత్రమైతే దాన్ని వదలకు. అంతకు మించి కావాలంటే నియోబియం-టిన్ తప్పదు గానీ, అది పెళుసు పదార్థం. ముందు కాయిల్ చుట్టి, ఆ తరువాత సుమారు 650 డిగ్రీల సెల్సియస్ వద్ద రోజుల తరబడి కాల్చాలి. ఆ వేడికి తట్టుకునే గాజునార ఇన్సులేషన్ కావాలి, పైగా ఎపాక్సీతో నింపేదాకా కాయిల్‌ను వంచకుండా జరపాలి. పనిముట్ల రూపకల్పనకు కాయిల్‌కు పట్టినంత కాలమూ పట్టవచ్చు, అందుకు సమయం ముందే అడిగిపెట్టుకో.

పూర్తి పొడవుకు పోకముందు పొట్టి నమూనాలు చేసి, ఒక్కోదాన్ని చల్లబరచి, క్వెంచ్ చేయించి, గది ఉష్ణోగ్రతకు తెచ్చి మళ్లీ చల్లబరచండి. రెండోసారి తొలి క్వెంచ్ ముందటికంటే తక్కువ కరెంటు దగ్గరే వస్తే కాయిల్ బిగింపును అనుమానించు. పరీక్షలన్నీ ముగిశాక ఒక కాయిల్‌ను అడ్డంగా కోయించి, సూక్ష్మదర్శినిలో పగుళ్లను నీ కళ్లతో నువ్వే చూడు.