మూల తెగిన కొట్టు గుమ్మం మూసేయాలా?

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో బ్రన్స్‌విక్ వైపు ఒక పాత కొట్టు బిల్డింగు కొన్నాం. ముందు కొట్టు, వెనక ఇల్లు. పైన పిట్టగోడ మీద 1888 అని ఉంది. గుమ్మం సరిగ్గా రెండు వీధులు కలిసే చోట, మూల కోసేసి పెట్టారు. వీడియో కాల్‌లో చూసిన మా మామగారు ‘ఆగ్నేయం తెగింది, ఆ గుమ్మం మూసేసి పక్కకి పెట్టించండి’ అంటున్నారు. పక్కగోడ మీద వెలిసిపోయిన టీ ప్రకటన ఉంది, దాన్ని గీకేసి తెల్లరంగు కొడతానని పెయింటర్ అంటున్నాడు. ఇంతలో పక్కింటావిడ హెరిటేజ్ ఓవర్‌లే (పాత కట్టడాల రూపు మారకుండా కాపాడే స్థానిక కౌన్సిల్ నిబంధన) ఉందేమో చూసుకోమంది. టెన్షన్‌గా ఉంది. అసలు ఈ బిల్డింగు కథేంటో తెలుసుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్

జవాబు: ముందు పెయింటర్‌ని ఆపండి. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు.

ఆ టీ ప్రకటన ఇన్నేళ్లు ఎండకీ వానకీ నిలిచిందంటే కారణం ఆ కాలపు రంగుల్లో కలిపే సీసం. అదే ఇప్పుడు ప్రమాదం కూడా. గీకితే లేచే దుమ్ము పిల్లలకి అస్సలు మంచిది కాదు, 1970కి ముందు కట్టిన ఏ ఇంట్లోనైనా ఇదే జాగ్రత్త. పైగా మీ స్థలం ఓవర్‌లేలో ఉంటే బయట గోడని ఇసకతో కొట్టి శుభ్రం చేయడానికి, ప్లాస్టరింగు చేయడానికి, ఇంతవరకూ రంగు పడని ఇటుకకి రంగు వేయడానికి కౌన్సిల్ పర్మిట్ కావాలి. ఉందో లేదో విక్‌ప్లాన్ అనే విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వ మ్యాపుల సైట్‌లో మీ అడ్రస్ కొడితే తెలిసిపోతుంది, హెచ్ఓ (హెరిటేజ్ ఓవర్‌లే) అని ఒక నంబరు కనబడుతుంది. కౌన్సిల్ షెడ్యూల్‌లో, అంటే ఆ స్థలాల జాబితాలో, ఆ నంబరు ఎదురుగా రంగుల మీద, లోపలి మార్పుల మీద ఆంక్షలున్నాయో లేదో విడివిడిగా రాసి ఉంటాయి. చాలావాటికి లోపల ఆంక్ష ఉండదు, కాబట్టి వంటింటి గురించి బెంగ పడకండి. బిల్డింగ్ పర్మిట్ సంగతి మాత్రం వేరు, దానికీ దీనికీ ముడిపెట్టకండి.

ఇక గుమ్మం. వాస్తు నేను చెప్పను, అది మీరూ మీ మామగారూ తేల్చుకోండి. కానీ ఆ మూల తెగింది కాదు, కావాలనే అలా కట్టింది. రెండు వీధుల నుంచి వచ్చేవాళ్లకీ కొట్టు కనబడాలి, ఎవరూ చుట్టు తిరగకుండా నేరుగా లోపలికి రావాలి, రెండు వైపులా అద్దాల్లో సరుకు పెట్టుకోవాలి. ఫ్రిజ్ లేదు, కారు లేదు, ఏ పూటకి కావాల్సింది ఆ పూట నడిచి వెళ్లి తెచ్చుకునే రోజులు, అందుకే నాలుగు వీధులకో మూల కొట్టు. బ్రన్స్‌విక్ ఇటుక బట్టీల ఊరు, చుట్టూ కూలీల ఇళ్లు. 1888 అంటే మెల్‌బోర్న్‌లో భూముల ధరలకి రెక్కలొచ్చిన ఏడు, తర్వాత నాలుగైదేళ్లకే బ్యాంకులు మూతపడి అంతా కుప్పకూలింది. మీ పిట్టగోడ మీద ఆ డాబు అంతా ఆ పొంగులోదే. ఆ మూల మూసేసి గుమ్మం పక్కకి పెడితే మిగిలేది మామూలు ఇటుక గోడ, అదీ పర్మిట్ దొరికితే.

తర్వాత అది మిల్క్ బార్ (పాలు, తినుబండారాలు, చిల్లర సరుకులు అమ్మే చిన్న కొట్టు) అయి ఉండటానికే ఎక్కువ అవకాశం. 1932లో సిడ్నీ మార్టిన్ ప్లేస్‌లో మిక్ ఆడమ్స్ అనే గ్రీకు వలసదారు తెరిచిన మిల్క్ బార్ చూసి దేశమంతా అదే బాట పట్టింది. విక్టోరియాలో వీధి మూల కొట్టుకి ఆ పేరే స్థిరపడిపోయింది. గ్రీకులు, ఇటాలియన్లు, తర్వాత ఆసియా వాళ్లు, ఇలా కొత్తగా దిగిన కుటుంబాలు వెనక గదిలో కాపురం, ముందు గదిలో గల్లాపెట్టె. సూపర్ మార్కెట్లు వచ్చి వీటిని చంపేశాయంటారు గానీ అది సగం నిజమే. కోల్స్ మొదటి సూపర్ మార్కెట్ 1960లోనే నార్త్ బాల్విన్‌లో వచ్చింది, అయినా మిల్క్ బార్లు ఇంకో ముప్పై ఏళ్లు నడిచాయి. ఎందుకంటే పెద్ద షాపులకి రాత్రుళ్లూ ఆదివారాలూ చట్టం అడ్డం, ఆ మూసి ఉన్న గంటలే వీళ్ల బతుకుతెరువు. 1996లో విక్టోరియా ఆ అడ్డు తీసేసింది, ఇక వీళ్ల దగ్గర అమ్ముకోడానికి ప్రత్యేకంగా ఏముంది?

ఎవరెవరు నడిపారో తెలియాలంటే విక్టోరియా స్టేట్ లైబ్రరీ సైట్‌లో శాండ్స్ అండ్ మెక్‌డూగల్ డైరెక్టరీలు (వీధివారీగా పేర్లు అచ్చేసిన పాత పుస్తకాలు) చూడండి, చూడటానికి డబ్బులక్కర్లేదు. 1974 దాకా వచ్చాయి. వీధి పేరు కింద ఇంటి వరసలో మనిషి పేరు, చేసే పని ఉంటాయి. ఇంటి నంబర్లు మధ్యలో మారిపోతుంటాయి, వాటిని నమ్మకండి. అయితే అడ్డంగా వచ్చే ప్రతి వీధి పేరూ మధ్యలో అచ్చువేస్తారు, మీది మూల ఇల్లు కాబట్టి ఆ పేరు పక్కనే దొరుకుతుంది. ఈ సుఖం వీధి మధ్య ఇల్లు కొన్నవాళ్లకి లేదు! ఒక లోటు, రోజంతా కొట్లో నిలబడింది ఇల్లాలైనా పేరు మాత్రం ఆయనదే ఉంటుంది, భర్త పోయాకే ‘మిసెస్’ అని కనబడుతుంది. ఆవిడ కోసమైతే ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ట్రోవ్ సైట్‌లో పాత పేపర్లు వెతకండి, రెండు వీధుల పేర్లూ కలిపి కొట్టండి. ఓనరెవరో అద్దెకున్నదెవరో కావాలంటే నార్త్ మెల్‌బోర్న్‌లో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో మున్సిపల్ పన్ను పుస్తకాలున్నాయి.

ఇవన్నీ చూశాకే ఆర్కిటెక్ట్‌కి డబ్బు కట్టండి. గోడలో చెమ్మ ఉంటే సిమెంటుతో పూత వేయిస్తామనే మేస్త్రీకి ఒప్పుకోకండి, పాత ఇటుకకి సున్నమే సరి, సిమెంటు చెమ్మని లోపలే బంధించి ఇటుకని పొడి చేస్తుంది.

ప్రశ్న: మాది సిడ్నీ. మాక్కూడా ఈ డైరెక్టరీలు పనికొస్తాయా?

జవాబు: మీకు శాండ్స్ సిడ్నీ డైరెక్టరీ వేరే ఉంది, 1858 నుంచి 1932-33 వరకు, సిటీ ఆఫ్ సిడ్నీ ఆర్కైవ్స్ సైట్‌లో చూడొచ్చు. హెరిటేజ్ రూల్స్ మాత్రం మీ రాష్ట్రానివి వేరు, పైన చెప్పిన పర్మిట్ లెక్క మీకు వర్తించదు, మీ కౌన్సిల్‌నే అడగండి.