మీ బాత్‌రూమ్‌లోకి వచ్చింది పామే, కానీ భయపడాల్సింది కాదు

వానలు మొదలయ్యాక బాత్‌రూమ్ జాలీ దగ్గర జానెడు కూడా లేని నల్లటి జీవి మెలికలు తిరుగుతోందని, కళ్లు కనిపించడం లేదని రాశారు. అది వానపామా, పాముపిల్లా, కళ్లు లేకుండా మట్టిలో ఎలా బతుకుతుందని అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి అది గుడ్డిపాము. పిల్ల కాదు, పెద్దదైనా అంతే ఉంటుంది. విషం లేదు.

మేం చెన్నైలో కొళత్తూరులో ఉంటాం. కింది పోర్షన్, వెనక కాస్త మట్టి నేల, పూలకుండీలు. అక్టోబరులో వాన పట్టుకుందంటే ఇది మా ఇంటికీ వస్తుంది. మట్టిలో నీళ్లు నిండితే పాపం దానికి బయటికి రాక తప్పదు. మొదటిసారి చూసినప్పుడు మా అత్తయ్య "చెవిలో దూరుతుందమ్మా, ముందు ఉప్పు చల్లు" అని టెన్షన్ పడ్డారు. పక్కింటి తమిళ బామ్మ కూడా దాన్ని 'సెవి పాంబు' అన్నారు. నాకు చంపబుద్ధి కాలేదు. చీపురుపుల్లతో ఖాళీ హార్లిక్స్ సీసాలోకి తోసి, మా అబ్బాయి భూతద్దం పెట్టుకుని అరగంట చూస్తూ కూర్చున్నాను.

ముందు నాలుక కనిపించింది, దారప్పోగంత. వానపాముకు నాలుక ఉండదు. దాని ఒళ్లు జిగటగా, ఉంగరాలు ఉంగరాలుగా ఉండి, సాగుతూ ముడుచుకుంటూ కదులుతుంది. ఇది పొడిగా, నూనె రాసినట్టు మెరుస్తూ, పక్కలకు మెలికలు తిరుగుతోంది. తల ఎక్కడ అయిపోయి ఒళ్లు ఎక్కడ మొదలైందో తెలియలేదు, మెడ అనేదే లేదు. కళ్లు ఉన్నాయి. పొలుసు కింద పెన్ను మొనతో పెట్టినట్టు రెండు నల్లచుక్కలు. వాటితో వెలుగూ చీకటీ తెలిస్తే చాలు దానికి. రోజంతా మట్టిలో రాసుకుపోయే ముఖానికి పైకి తెరుచుకున్న కన్ను గాయమే తప్ప ఉపయోగం కాదు. నోరు కూడా ముక్కు కింద, వెనక్కి ఉంది, తవ్వేటప్పుడు మట్టి లోపలికి పోకుండా.

నన్ను బాగా ఆకట్టుకుంది దాని పొట్ట. మామూలు పాముకు పొట్ట కింద వెడల్పాటి పలకలు ఒకే వరసలో ఉంటాయి, నేలను పట్టుకుని పాకడానికి. దీన్ని సీసా అడుగు నుంచి చూస్తే కిందా పైనా ఒకటే, చుట్టూ ఇరవై వరసల్లో ఒకే సైజు పొలుసులు. ఆలోచిస్తే సబబే అనిపించింది. మట్టి లోపల నేల ఒక్క వైపే ఉండదు కదా, అన్ని వైపులా తగులుతూనే ఉంటుంది.

చేతిలోకి తీసుకున్నప్పుడు తోక చివర ఉన్న చిన్న ముల్లు వేలికి గుచ్చుకుంది. అత్తయ్య కుట్టిందనుకుని కేకేశారు. అది కుట్టే ముల్లు కాదు. దాన్ని మట్టికి ఆనించి ఒంటిని ముందుకు నెట్టుకుంటుంది. తినేది చీమల, చెదల గుడ్లూ పిల్లలూ, అందుకే అంత చిన్న నోరు సరిపోతుంది. ఇందులో మగవి ఉండవు. అన్నీ ఆడవే, జత లేకుండానే గుడ్లు పెడతాయి. కుండీ మట్టిలో ఒక్కటి వెళ్లినా చాలు, అలాగే మొక్కలతో పాటు ఖండాలు దాటింది.

ఇంకో సంగతి మన తెలుగువాళ్లకు తెలియాలి. దీనికి 1803లో శాస్త్రీయ నామం వచ్చింది విశాఖపట్నం పాము ఆధారంగానే. అంతకుముందు 1796లో స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాముల మీద వేసిన పుస్తకంలో దాని పేరు 'రెండు తలల పాము' అనే ఉంది, మన మాటే.

ఇప్పుడు మనం ఆ పేరుతో పిలిచేది ఇసుకలో ఉండే లావుపాటి ఎర్ర పామును. గిండీ పాముల పార్కులో చూశాను. దాని ముక్కు పార అంచులా పలచగా ఉంటుంది, ఇసుకను చీల్చడానికి. తోక మొద్దుగా తలలా ఉంటుంది, బెదిరితే తల దాచుకుని తోక చూపిస్తుంది. దానికి లక్షలొస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టినా అమ్మినా నేరం.

మట్టిని గట్టిగా తవ్వే పాము ఇంకొకటి ఉంది, షీల్డ్‌టెయిల్. ఏర్కాడులో కాఫీ తోట దారిలో ఒకటి కనిపించింది. తల సన్నగా, తోక కత్తితో ఏటవాలుగా కోసినట్టు, దాని మీద మట్టి అంటుకుని ఉంది. ఆ మట్టితోనే వెనక కన్నం మూసుకుంటుంది. చర్మం లోపల వెన్నెముక మడతలు పడి ఒళ్లు సొరంగం గోడకు బిగుసుకుంటుంది, ఆ పట్టు మీద తల ముందుకు దూసుకెళ్తుంది, తర్వాత వెనక భాగాన్ని లాక్కుంటుంది. బలమంతా ముందరి కండల్లోనే. 1978లో జంతుశాస్త్రవేత్త కార్ల్ గాన్స్, ఆయన సహచరులు దీన్ని ఇంజను లాగే గూడ్సు రైలుతో పోల్చారు.

మీ ఇంట్లోకి మళ్లీ వస్తే ఉప్పు, కిరోసిన్ వద్దు. కాగితం మీదికి ఎక్కించి తడి మట్టిలో వదిలేయండి. మేం దాన్ని మల్లె కుండీలో వదిలాం. ముక్కు మట్టికి ఆనించింది, మేం పది లెక్కపెట్టేలోపు తోక ముల్లు కూడా లోపలికి వెళ్లిపోయింది.