పక్షవాతం తర్వాత దాంపత్యం: మళ్లీ స్ట్రోక్ వస్తుందని భయమా?

ప్రశ్న: మావారికి 48 ఏళ్లు. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. ఫిజియోథెరపీ చేయిస్తే ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. బీపీ మందులు వాడుతున్నారు. ఈమధ్య డిప్రెషన్‌కి కూడా మాత్ర ఇచ్చారు. అప్పటి నుంచీ మేం కలవలేదు. దగ్గరైతే మళ్లీ స్ట్రోక్ వస్తుందేమోనని నాకు టెన్షన్. ఆయనేమో అటు తిరిగి పడుకుంటారు. డాక్టర్‌ను అడగాలంటే సిగ్గుగా ఉంది. మేం మళ్లీ మామూలుగా ఉండొచ్చా?

– ఓ సోదరి

జవాబు: ఉండొచ్చమ్మా. బీపీ అదుపులో ఉండి, గుండె జబ్బు లేకపోతే, కలయిక వల్ల మళ్లీ స్ట్రోక్ వచ్చే ముప్పు చాలా తక్కువ. అయితే ఆయనకు వచ్చింది రక్తం గడ్డకట్టడం వల్లనా, మెదడులో రక్తస్రావం వల్లనా అన్నది, మెడ రక్తనాళాల పరిస్థితి తెలిసిన మీ న్యూరాలజిస్టుతో ఒకసారి ఖాయం చేసుకోండి.

అసలు ఈ మాట మీరు అడగాల్సి రాకూడదు. డిశ్చార్జ్ చేసేటప్పుడే, ఆ తర్వాత ఇంటికొచ్చాక మరోసారి, దాంపత్య జీవితం గురించి మాట్లాడే అవకాశం ఇవ్వాలని 2016లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ విడుదల చేసిన స్ట్రోక్ రిహాబిలిటేషన్ మార్గదర్శకాలు సూచించాయి. నడక, మాట, మింగడం గురించి అడిగే మేం దీని దగ్గరికొచ్చేసరికి మౌనంగా ఉండిపోతున్నాం. అది మా వృత్తిలో ఉన్న లోపం, మీ సిగ్గుది కాదు.

ఆయన అటు తిరిగి పడుకోవడాన్ని అయిష్టం అనుకోకండి. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. దానికి వాడే కొన్ని మందులు కోరికను తగ్గిస్తాయి, కొన్ని బీపీ మాత్రలతో అంగస్తంభన ఇబ్బంది రావచ్చు. అలాగని మీ అంతట మీరు ఏ మాత్రా ఆపొద్దు. బీపీ మందు ఆపితేనే అసలు ప్రమాదం. మందు మార్చడమో, డోసు సరిచేయడమో డాక్టరే చూస్తారు. మెడికల్ షాపులో సిల్డెనాఫిల్ లాంటివి అడిగి తెచ్చుకోవద్దు. గుండెకు సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవారు అది వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇంకో సంగతి. పగలంతా స్నానం చేయించి, బట్టలు తొడిగిన మనిషికి రాత్రికి భార్యగా దగ్గరవ్వడం కష్టమే. వీలైతే ఒక పూట ఆ పనులు ఇంట్లో ఇంకెవరికైనా అప్పగించండి. మొదట్లో కలయిక గురించి ఆలోచించకుండా పక్కపక్కన పడుకుని చేతులు పట్టుకోవడం, ముద్దు పెట్టుకోవడం చాలు. ఎడమవైపు స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి ఆయనకు కుడివైపున ఉండండి. సాయంత్రానికి నీరసం వస్తుంది, తెల్లవారుజామున అయితే ఓపిక ఉంటుంది. ముందుగా మూత్రానికి వెళ్లి రమ్మనండి. ఆయన వెల్లకిలా పడుకుంటే ఎడమ చేతి కింద ఒక దిండు, మోకాలి కింద ఒక దిండు పెట్టండి. భుజం నొప్పి లేకపోతే ఎడమ పక్కకు ఒత్తిగిల్లినా ఫరవాలేదు, కుడి చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఏ భంగిమ సులువో ఫిజియోథెరపిస్టును అడగొచ్చు, మంచం మీద కదలికలు నేర్పేది వాళ్లే.

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, ఛాతీ నొప్పి, కొత్తగా బలహీనత, మాట తడబడటం లాంటివి కనిపిస్తే మాత్రం క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

వచ్చే రివ్యూకి ఇద్దరూ కలిసి వెళ్లండి. నోటితో అడగలేకపోతే చీటీ మీద రాసి, ఆయన వాడే మందులన్నిటితో పాటు డాక్టర్ చేతికివ్వండి: ‘మేం కలవొచ్చా? ఈ మందుల్లో ఏదైనా అడ్డు పడుతోందా?’ ఓపీలో జనం ఉంటే, విడిగా ఐదు నిమిషాలు కావాలని నర్సుకు ముందే చెప్పండి.