నల్ల ఈగ కుట్టి కాలు వాచింది... బోదకాలు బిళ్లలు వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ. మావారి ఉద్యోగం వల్ల ఈ ఏడాదే స్పెయిన్‌లోని జరగోజా వచ్చాం. నా వయసు 34. సాయంత్రాలు ఎబ్రో నది ఒడ్డున నడుస్తుంటాం. మొన్న శనివారం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే చీలమండ మీద చిన్న రక్తపు చుక్క కనిపించింది. ఏదో కుట్టినట్టు అప్పటిదాకా తెలియనే లేదు. రాత్రికి ఒకటే దురద. తెల్లారేసరికి పిక్క దాకా వాచిపోయింది. ఇక్కడివాళ్లు 'మోస్కా నెగ్రా' అంటున్నారు, నల్ల ఈగట. నెట్‌లో చూస్తే దీనివల్ల కళ్లు పోతాయని ఉంది. వీడియో కాల్‌లో నా కాలు చూసిన అమ్మ బోదకాలేమోనని భయపడి, ఊళ్లో ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చిన బిళ్లలు పంపిస్తానంటోంది. వేసుకోవచ్చా? మాకు ఐదేళ్ల బాబున్నాడు. నది దగ్గరికి వెళ్లడం మానేయాలా?

జవాబు: ముందు ఆ బిళ్లల సంగతి. వేసుకోవద్దు.

కాకినాడ వైపు పెరిగినవాళ్లకు కాలు వాచిందంటే మొదట బోదకాలే గుర్తొస్తుంది, అమ్మగారి తప్పేం లేదు. కానీ బోదకాలు ఒక్క రాత్రిలో వచ్చే వాపు కాదు. మన దగ్గర దాన్ని అంటించేది క్యూలెక్స్ దోమ. దాని పురుగులు ఒంట్లో ఏళ్ల తరబడి ఉండి లింఫు నాళాలను పాడుచేశాక కాలు లావెక్కుతుంది. మీది ఈగ లాలాజలం పడక వచ్చిన అలర్జీ వాపు. ఊళ్లలో బోదకాలుకు పంచే డీఈసీ బిళ్లకు ఇందులో చేసే పనేమీ లేదు.

నెట్‌లో మీరు చదివింది రివర్ బ్లైండ్‌నెస్ గురించి. ఆ జబ్బు నిజమే. అదీ ఒక పురుగు వల్ల వచ్చేదే, ఆ పురుగును మోసేది ఈ కుటుంబానికి చెందిన ఈగే. కానీ అది ప్రధానంగా ఆఫ్రికా జబ్బు. యెమెన్‌లో, బ్రెజిల్-వెనెజువెలా సరిహద్దు అడవుల్లో కొంత ఉంది. అక్కడ కూడా నది పక్క పల్లెల్లో ఏళ్ల తరబడి పదేపదే కుట్టించుకున్నవాళ్లకే చూపు దెబ్బతింటుంది. మీరుండే చోట ఈగ ఉంది గానీ ఆ పురుగు లేదు. కళ్ల గురించి టెన్షన్ పెట్టుకోకండి.

ఇక్కడే ఇంకో మాట. డీఈసీని మందుగా తెచ్చింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే, 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో. బోదకాలు విషయంలో దాని మేలు ఇంతా అంతా కాదు. అదే బిళ్లను రివర్ బ్లైండ్‌నెస్ ఉన్న మనిషి మింగితే చర్మంలో, కంట్లో ఉన్న పిల్లపురుగులన్నీ ఒక్కసారిగా చచ్చి, ఒళ్లంతా రియాక్షన్ వస్తుంది, ఉన్న చూపూ పోవచ్చు. అందుకే అక్కడ ఐవర్‌మెక్టిన్ అనే వేరే మందు ఇస్తారు. నైజీరియా, కామెరూన్, కాంగోల్లో పనిచేసే మనవాళ్లు ఇంటి నుంచి పట్టుకెళ్లిన డీఈసీని సొంతంగా వాడకూడదు.

ఇక మీ కాలు. ఈ ఈగ దోమలా సూది గుచ్చదు. చర్మాన్ని చిన్నగా కోసి, ఊరిన రక్తాన్ని తాగుతుంది. లాలాజలంలో తిమ్మిరెక్కించేవీ, రక్తం గడ్డకట్టనివ్వనివీ ఉంటాయి. అందుకే మీకు నొప్పి తెలియలేదు, చుక్క మాత్రం కనిపించింది. సబ్బుతో కడిగి, బట్టలో చుట్టిన ఐసు పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో ఉంచండి. రాత్రి సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు ఒకటి వేసుకోవచ్చు (గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా డాక్టర్ని అడిగాకే). ఒక శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము రోజుకు రెండు సార్లు, నాలుగైదు రోజులు చాలు. అన్నిటికన్నా ముఖ్యం గోకకపోవడం. చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు, కనీసం గోళ్లు కత్తిరించుకోండి.

యాంటిబయోటిక్ వాడాలా అని చాలామంది అడుగుతారు. మొదటి రోజు వచ్చే ఎరుపు, వాపు దాదాపుగా అలర్జీయే, దానికి యాంటిబయోటిక్ దండగ. బాల్‌పెన్‌తో ఎరుపు అంచు వెంబడి గీత గీసుకోండి. రెండు రోజుల తర్వాత కూడా ఎరుపు ఆ గీత దాటి పాకుతున్నా, దురద తగ్గి నొప్పి పెరుగుతున్నా, ముట్టుకుంటే కాలుతున్నా, చీము, జ్వరం ఉన్నా, గజ్జల్లో బిళ్ల కట్టినా అప్పుడు ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి. ఆలస్యం చేయకుండా మీ పేటలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. షుగర్ ఉంటే ఈ రెండు రోజులు కూడా ఆగొద్దు. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 112కు ఫోన్ చేయాలి.

మీరు అడగలేదు గానీ, ఈ ఈగ అక్కడ ఎందుకంత పెరిగిందో తెలిస్తే జాగ్రత్తలు తేలిగ్గా బుర్రకెక్కుతాయి. నీళ్లలో మొక్కలంటే మనకు గుర్రపుడెక్క, నిలవనీరు, దోమలు. ఈ ఈగ నిలవనీటిలో బతకదు. దాని పిల్లలకు పారే నీరు, అందులో పట్టు దొరికే చోటు కావాలి. ఎబ్రో అడుగున వేళ్లూని, ప్రవాహం వెంట జడల్లా ఊగే మొక్కలు ఆ పట్టు ఇస్తాయి. ఒక జడ పైకి తీసి చూస్తే ఆకుల మీద బియ్యపు గింజంత పురుగులు తోక అంటించుకుని వేలాడుతుంటాయి. తల దగ్గర చిన్న విసనకర్రలు రెండు విప్పి, కొట్టుకొచ్చే నలుసుల్ని పట్టుకు తింటుంటాయి.

నాకు వింతగా తోచేది ఏమిటంటే, నది కొంత బాగుపడటం కూడా వీటికి కలిసొచ్చింది. మురుగునీటిని శుద్ధి చేసి వదలడంతో ఫాస్ఫేట్లు తగ్గి, నీటిని పచ్చగా మార్చే నాచు తగ్గింది. నీరు తేటపడి ఎండ అడుగుదాకా దిగింది, మొక్కలు విజృంభించాయి. పైగా ఆనకట్టల వల్ల వాటిని పీకి పారేసే పెద్ద వరదలు తగ్గాయి. మెకినెన్సా, రిబరోజా జలాశయాలకు దిగువన అయితే మొక్కల్ని కొట్టుకుపోనివ్వడానికి అప్పుడప్పుడు కావాలనే నీరు వదులుతుంటారు. మీ జరగోజాలో 2011లో ఈ కాట్లతో ఆరోగ్య కేంద్రాలకు జనం ఒక్కసారిగా పెరిగారు. బీటీఐ అనే బ్యాక్టీరియా మందు నీటిలో కలిపితే దాన్ని మింగిన ఈగ పిల్లలు చస్తాయి, మనుషులకూ చేపలకూ హాని లేదు. అయితే మొక్కలు మరీ దట్టంగా ఉంటే మందు లోపలిదాకా చేరడం కష్టం.

కాబట్టి ఇంట్లో దోమల మిషన్ పెట్టి లాభం లేదు, ఇది ఇంట్లోకి పెద్దగా రాదు, పగలే బయట కుడుతుంది. పొద్దున్నే, పొద్దువాలే వేళ ఎక్కువ. కిలోమీటర్ల కొద్దీ ఎగరగలదు, నది వదిలి పక్క పార్కుకు వెళ్లినా వదలదు. నడక మానక్కర్లేదు, వేళ మార్చుకోండి. చెప్పుల బదులు బూట్లు, సాక్సు, లేత రంగు నిండు ప్యాంటు వేసుకోండి. ముదురు రంగులకు ఈగలు ఎక్కువ చేరతాయి. బయట ఉన్న చర్మానికి ఈగల్ని దరిచేరనివ్వని మందు, డీట్ గానీ ఐకారిడిన్ గానీ ఉన్నది, రాసుకోండి. బాబుకు డీట్ 30 శాతం దాటనిది తీసుకుని మీరే రాయండి, అరచేతులకూ కళ్ల దగ్గరా వద్దు. వాడికి దురద మందు సిరప్ మోతాదు మాత్రం అక్కడి పిల్లల డాక్టర్‌నే అడగండి.

అమ్మగారికి కూడా ఒక మాట చెప్పండి. ఆ బిళ్లలు పార్సిల్ కట్టడానికి ఇచ్చినవి కావు. కార్యకర్త ఎదుటే ఆవిడ మింగాల్సినవి!